ఈదమ్మ చేతి మీది సున్న

దయ్యం, గాలి, సోకు అని ఎవరన్నా నా ముందు మొదలుపెడితే నేను లేచి పోతాను. పెన్షన్ వచ్చేదాకా దవాఖానల్లోనే పని చేశాను. పోయినవాళ్లను కడిగాను, గుడ్డ కప్పాను, ఒక్కదాన్నే బండి మీద శవాల గదికి తోసుకుపోయాను. ఒక్కరూ లేచి కూర్చోలేదు. పోయినవాళ్లు పోయినట్టే. నేను నమ్మేది ఇదే, ఇప్పటికీ.

మరి ఇది ఎందుకు రాస్తున్నావంటే, ఇందులో చచ్చినవాళ్లు ఎవరూ లేరు.

మాది రామన్నపేట పక్క. గొర్ల మంద తప్ప వేరే ఆస్తి లేదు. నాకు అక్షరాలు వచ్చేనాటికి పెండ్లీ అయింది, పెనిమిటీ పోయాడు. బావ ఇంట్లో పేడ ఎత్తుకుంటూ ఉంటే, నల్లగొండలో ఆడవాళ్లకు చదువు చెబుతున్నారని విని మా నాయిన నన్ను అక్కడ దించి వెళ్లాడు. నాకంటే చాలా చిన్న పిల్లల పక్కన కూర్చుని మెట్రిక్ దాకా గుంజుకొచ్చాను. తర్వాత నర్సు ట్రైనింగు.

అరవైల నాటి మాట. ట్రైనింగు ఆఖరి ఏడు మమ్మల్ని వార్డు పని నేర్చుకోవడానికి పాలమూరు జిల్లాలో ఒక దవాఖానకు పంపారు. దాని పేరు రాయను. ఆ ఏడు గట్టెక్కితే నేను నర్సును. ఎక్కకపోతే మళ్లీ బావ ఇంటి పేడ. అంతకు మించి నాకు ఇంకో దారి లేదు.

ఇక్కడ సున్న సంగతి చెప్పాలి. పెన్సిలిన్ అందరికీ పడదు. అందుకని ముందు ముంజేతి చర్మం కింద ఒక చుక్క మందు ఎక్కించి, చుట్టూ పెన్నుతో సున్న గీస్తాం. కాసేపటికి సున్న లోపల దద్దురు లేస్తే ఆ మనిషికి ఆ మందు విషం. లేవకపోతే ధైర్యంగా ఇవ్వవచ్చు.

నేను గీసే సున్న అందరి సున్న లాంటిది కాదు. మా నాయిన గొర్లకు జాజుతో, అదే ఎర్రమన్నుతో, గుర్తు పెట్టేవాడు. కింద మొదలుపెట్టి చుట్టూ తిప్పి, చివర్న తోకలాగా లోపలికి లాగేవాడు. పలక పట్టకముందే నేను ఆ గుర్తు పెట్టడం నేర్చుకున్నాను. ఎక్కడ సున్న గీయబోయినా చెయ్యి అటే పోయేది, తోక లోపలికి పోయేది.

మాతో సుగుణ అనే పిల్ల ఉండేది. నార్కట్‌పల్లిలో రోడ్డు మీద వాళ్ల నాయనకు చాయ హోటలు. నోరు ఊరుకునేది కాదు.

"చూడుండ్రి, యాదమ్మక్క పేషెంట్లకు జాజు పెడుతాంది. తప్పిపోతే మందల కలుపుకుంటదట!"

"మీ బాపును గూడ గిట్లనే పెట్టుకోమను. చాయ గిలాసలు ఎవలూ ఎత్తుకపోరు."

వార్డంతా నవ్వేది. సున్న మాత్రం మారలేదు.

ఒకరోజు పొద్దున అమ్రాబాద్ అడవి దిక్కు నుంచి ఈదమ్మ అనే ఆమెను కొడుకు తీసుకొచ్చాడు. మేకలు కాసుకునేవాళ్లు. వెదురు మోడు పాదంలో దిగి, కాలు మోకాలి దాకా వాచి, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నది. గతంలో ఎప్పుడన్నా పెన్సిలిన్ పడిందా అని డాక్టరు అడిగాడు. పడింది, ఏమీ కాలేదు అన్నాడు కొడుకు. ఒకసారి పడినవాళ్లకు మళ్లీ పరీక్ష అక్కర్లేదని ఆ దవాఖానలో ఒక అలవాటు ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు, అందరూ పాటించేవాళ్లు. డాక్టరు సున్న లేకుండానే నేరుగా మందు రాశాడు.

మధ్యాహ్నం భోజనాలప్పుడు నేను పక్క గదిలో ఒక్కదాన్నే సూదులు ఉడకబెడుతున్నాను. మిగతా పిల్లలు తింటున్నారు. మాకు పాఠం చెప్పే సిస్టరు వచ్చి, నడుముకు కట్టుకున్న తాళంతో బీరువా తీసి, కొత్త సీసా నా చేతికిచ్చింది. సీలు నేనే తీశాను. మందు కలిపి, సిరంజిలోకి లాగి, ఈదమ్మ దగ్గరికి పోయి ఆమె చెయ్యి ఎత్తాను.

ముంజేతి మీద సున్న ఉంది. లోపల రేగుపండంత ఎర్రటి దద్దురు. సున్న తోక లోపలికి తిరిగి ఉంది. వేలితో రుద్దితే సిరా నా వేలికి అంటింది. ఇంకా ఆరలేదు.

సుగుణ పనే అనుకున్నాను. దురదగొండి రాసి దద్దురు లేపి, నా గీత అచ్చుగుద్ది నన్ను బెదరగొడుతున్నది అనుకున్నాను. పిలిచాను.

"ఏందే గిది? పాణం పోయే మనిషి మీదనా నీ ఆటలు?"

సుగుణ చెయ్యి చూసి నోరెళ్లబెట్టింది. "నాకేం ఎరుక? గది నీ జాజే గదా. నువ్వే పెట్టి నన్నడుగుతవేంది?"

దాని మొహం చూస్తే ఆటలాగా లేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. సిరంజి మాత్రం పళ్లెంలో పెట్టేశాను.

సిస్టరు వచ్చింది. ఆమెది గుంటూరు వైపు. "డాక్టరుగారు రాసింది ఇవ్వడం నీ పని. ఎందుకు ఆగావు?"

చెయ్యి చూపించాను. ఆమెకూ అనుమానమే, సున్న మీద కాదు, నా మీద. అయినా జాగ్రత్త గల మనిషి. ఊపిరి ఆగితే ఇచ్చే సూది ముందే నింపి పక్కన పెట్టుకుని, పెన్సిలిన్ బాగా పలచన చేసి, రెండో చేతికి ఒక చుక్క తానే ఎక్కించింది. పెన్ను మూత పెట్టుకునే లోపే ఈదమ్మ పెదవులు ఉబ్బాయి. గొంతులో పిల్లికూతలు. పక్కన పెట్టుకున్న సూది వేస్తే గానీ ఊపిరి దారికి రాలేదు.

ఒక చుక్కకే అట్లయింది. నా సిరంజి నిండా ఉన్న మందు పళ్లెంలో అట్లాగే ఉంది. దాని వైపు ఎవరమూ చూడలేదు.

ఈదమ్మకు వేరే మందు మొదలుపెట్టి, ఆ తర్వాత విచారణ పెట్టారు. బీరువా తాళం సిస్టరు నడుముకే ఉంది. నేను తీసింది తప్ప సీలు తీసిన సీసా లేదు. మరి మొదటి చుక్క ఎక్కడిది? సిస్టరు పిల్లలందరి చేతా పాత క్యాలెండరు వెనక సున్నలు గీయించింది. తోక లోపలికి పోయింది నాది ఒక్కటే.

డాక్టరు చీటీ లేకుండా ట్రైనింగు పిల్ల సూది వేస్తే పేరు కొట్టేయడమే. సిస్టరు నన్ను వరండాలోకి పిలిచింది.

"మంచికే చేశావు. ఒప్పేసుకో. డాక్టరుగారికి నేను సర్ది చెబుతాను. అబద్ధమాడితే మాత్రం బస్సెక్కించేస్తాను."

"నేను ఎయ్యలేదమ్మా. ఎయ్యంది ఏసిన అని ఎట్ల చెప్పాలె?"

"మరి ఎవరు వేశారు?"

"గదే నన్ను గూడ తొలుస్తాంది."

ఆమె నమ్మలేదు. నన్ను వార్డు నుంచి తీసి కట్లు ఉతికే చోట వేసింది. అన్నం దగ్గర పిల్లలు కంచాలు జరుపుకున్నారు. సుగుణ ఒక్కతే వచ్చి పక్కన కూర్చుంది.

"ఏసిన అంటే అయిపాయె గదనే! ముసలిది బతికింది. నీదేం పోతది?"

సుగుణ మీద అనుమానం పోయిందనుకోవద్దు. నా మీద నాకే అనుమానం వచ్చింది. సూదులు ఉడికే ఆవిరిలో కునుకు తీశానా? కునుకులో లేచి పోయానా? పోతే మందు ఎక్కడిది?

ఈదమ్మ వాపు దిగి, మాట సరిగ్గా వచ్చాక సిస్టరు నన్ను వెంటబెట్టుకుని ఆమె మంచం దగ్గరికి పోయింది. నా మూట కట్టించడానికే అనుకున్నాను.

"ఆ సున్న పెట్టింది ఈ పిల్లేనా?"

ఈదమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. "గీ పోరి కాదమ్మా. అవ్వ. తెల్లెంటికల అవ్వ. జర ఓర్చుకో బిడ్డా అనుకుంట సూదేసింది."

"ఇక్కడ అంత ముసలివాళ్లెవరూ లేరు."

"నీకు కనపడకపోతే నేనేం జెయ్యాలె? నా చెయ్యి గట్టిగ ఒత్తిపట్టింది. ఎడమ బొటనేలుకు గోరే లేదు. నున్నగ మాంసం. చూస్తే నాకే ఒక తీరయింది."

సిస్టరు నా రెండు చేతులూ పట్టుకుని కిటికీ వెలుగులోకి లాగింది. రెండు బొటనవేళ్లకూ గోళ్లున్నాయి, సిస్టరు మాకు నేర్పినట్టే పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. కాసేపు తిప్పి తిప్పి చూసి చేతులు వదిలేసింది.

"రేపటినుంచి వార్డుకు రా."

అంతే. ఆయాలను, ఊడ్చేవాళ్లను, వంటావిడను కూడా పిలిచి సిస్టరు వాళ్ల వేళ్లు చూసిందని తర్వాత తెలిసింది. గోరు లేని ముసలమ్మ దొరకలేదు.

"జరంల కలవరించిందే," అన్నది సుగుణ.

"దద్దురు గూడ కలవరించిందా?" అన్నాను.

ఈదమ్మ తన కాళ్ల మీద తాను నడిచిపోయింది. నేను పరీక్ష గట్టెక్కాను, ఉద్యోగం వచ్చింది, బావ గడప మళ్లీ తొక్కలేదు.

చాలా ఏండ్లకు, ఇంకో దవాఖానలో, సూదులు ఉడకబెట్టే డబ్బా ఇనుప మూత జారి నా ఎడమ బొటనవేలి మీద పడింది. గోరు ఊడింది, మళ్లీ రాలేదు. అప్పుడు నొప్పి తప్ప నాకు ఏదీ గుర్తుకు రాలేదు.

పెన్షన్ దగ్గరపడిన రోజుల్లో ఒక పిల్లకు పరీక్ష సూది వేస్తున్నాను. చెయ్యి ఒత్తిపట్టి, జర ఓర్చుకో బిడ్డా అన్నాను. ఆ పిల్ల నా వేలు చూసి అడిగింది.

"అవ్వా, నీ గోరేమైంది?"

అప్పటిదాకా నన్ను అక్క అన్నారు, సిస్టరమ్మ అన్నారు. అవ్వ అని ఎవరూ అనలేదు. సున్న గీశాను. తోక లోపలికి పోయింది. స్టూలు మీద కూర్చుని నా బొటనవేలు చూసుకున్నాను.

ఈదమ్మ అబద్ధమాడిందా? ఆడితే గోరు సంగతే ఎందుకు ఎత్తుకుంది? సుగుణను ఈ వయసులో కూడా అడిగాను. "ఇంక గదేనానే నీకు?" అని తిట్టింది. దయ్యం అందామంటే ఎవరో ఒకరు చచ్చి ఉండాలి. నేను బతికే ఉన్నాను. నాకు తెగలేదు. ఇక తెగుతుందన్న ఆశా లేదు.

గోరున్న వేలు చూసి సిస్టరు నన్ను ఆ రోజు వదిలిపెట్టింది. ఆమె పోయి చాలా కాలమైంది. ఉండి ఉంటే పోయి ఈ చెయ్యి ఆమె ముందు పెట్టేదాన్ని. వెలుగులోకి లాగి, తిప్పి తిప్పి చూసి, ఏమనేదో.