దశమి దాకా ఆగిన అప్లికేషన్

మా నాన్నకు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. అక్కడ ఆయన మాటకు ఎదురుండదు. ఇంట్లోనూ ఉండేది కాదు, నా ఇంటర్ అయ్యేదాకా.

నాకొచ్చిన చిక్కల్లా నాకు అన్నీ ఇష్టం కావడమే. లెక్కలు ఇష్టం. చరిత్ర ఇష్టం. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను, టెన్త్ క్లాసు వచ్చిందని మాన్పించేశారు. ఎంపీసీలో చేరి కూడా బైపీసీ పిల్లల దగ్గర బోటనీ పుస్తకం అడిగి తెచ్చుకుని చదివేదాన్ని. "దీనికి దేని మీదా నిలకడ లేదే" అనేది మా పెద్దమ్మ. నిలకడ లేకపోవడం వేరు, ఆకలి ఎక్కువ కావడం వేరు. ఆవిడకు చెప్పి లాభం లేదని ఊరుకునేదాన్ని.

మా ఇంట్లో కాలేజీల గురించి మాట్లాడుకోవడమంటే, కంప్యూటర్స్ ఏ కాలేజీలో, అక్కడికి బస్సు మన వీధిలోకి వస్తుందా రాదా అని. అంతే. ఆ గొడవలో ఉండగానే నాకు ఇంకో రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ కనిపించింది. అక్కడ లెక్కలు తీసుకున్నవాళ్ళు చరిత్ర కూడా చదవొచ్చట, నాట్యం కూడా నేర్చుకోవచ్చట. మొదటి ఏడాది ఏదీ తేల్చుకోనక్కర్లేదట. అది చదివి ఏడుపొచ్చింది నాకు. నాలాంటి వాళ్ళ కోసం కూడా ఎవరో ఒక చోటు కట్టి పెట్టారు కదా అని.

అమ్మే నాన్న వెంటపడి, బతిమాలి, అలిగి, మొత్తానికి దారికి తెచ్చింది. ఒక ఆదివారం రాత్రి అన్నంలో పెరుగు కలుపుకుంటూ, "సరే, పెట్టుకోమను. వస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు నాన్న. అప్లికేషన్ పంపడానికి ఆఖరి రోజు ఆ బుధవారం, సాయంత్రం ఐదింటి వరకే. అన్నీ రాసి సిద్ధంగా పెట్టుకున్నదాన్ని, చెయ్యి కడుక్కుని లాప్‌టాప్ తెచ్చేలోపే ఆయన వెళ్ళి గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడ్డాడు.

"అష్టమి వచ్చేసింది. రేపంతా అదే. ఎల్లుండి నవమి, పైగా మంగళారం. బుధారం దశమి, బ్రహ్మాండంగా ఉంది. ఆ రోజు పంపిద్దాం."

"కంప్యూటర్‌కి అష్టమేంటి నాన్నా?"

"కంప్యూటర్‌కి కాదే, నీకు."

అమ్మ కళ్ళతోనే నన్ను ఆపింది. ఒప్పుకోవడమే గొప్ప, ఇప్పుడు కెలకొద్దని. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ నోరు మూసుకున్నాను.

బుధవారం పొద్దున వర్జ్యం అన్నాడు. తర్వాత దుర్ముహూర్తం. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. కానీ ఆ రోజు షాపు మూసేసి మరీ ఇంటికొచ్చాడు, వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఈలోపు ఏం రాశావో చెప్పు" అన్నాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు. తెలుగులో చెప్పాను. కొండపల్లి బొమ్మ అంత తేలిగ్గా ఎందుకుంటుందో తెలియాలంటే దాన్ని చేసిన కొయ్య ఏ చెట్టుదో తెలియాలి, బొమ్మకు ఆ బట్టలెందుకు వేశారో తెలియాలంటే చరిత్ర తెలియాలి, అది పడిపోకుండా నిలబడాలంటే లెక్క కుదరాలి, నాకు ఇవన్నీ కలిపి కావాలి అని రాశాను నాన్నా అన్నాను. "ఇదంతా నీ బుర్రలో ఉందా? మరి నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు. అంతకు ముందు గాని తర్వాత గాని మా నాన్న పక్కన అంత సంతోషంగా నేను కూర్చోలేదు.

రెండింటికి దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టాం. మాలాగే ఆఖరి రోజు దాకా ఆగినవాళ్ళు ఎందరున్నారో, ఒక్కో పేజీ తెరుచుకోవడానికి యుగం పట్టింది. ఫొటో ఎక్కినట్టే ఎక్కి మాయమైంది. ఫీజు కట్టే చోటికి వచ్చేసరికి నాలుగున్నర. నాన్న ఫోన్‌కి ఓటీపీ రాదు, వచ్చేసరికి గడువు దాటిందంటుంది, మళ్ళీ మొదటికి. ఐదయ్యాక దరఖాస్తుల స్వీకరణ ముగిసిందని తెర మీద పడింది.

గుండె పగలడం అంటే మాటవరసకు అనేది అనుకునేదాన్ని. కాదు. ఇప్పుడు నేను చదువుతున్నది కంప్యూటర్సే. బస్సు మా వీధిలోకే వస్తుంది. మార్కులు బాగానే వస్తాయి, ఎవరైనా అడిగితే బాగుందనే చెబుతాను. బాగాలేదు. నాన్న మీద కోపం తెచ్చుకుంటే కాస్త తేలికపడేదాన్నేమో, ఆ మర్నాడు పొద్దున్నే ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఆ పొద్దున యూనివర్సిటీకి ఫోన్ చేశాను. అటునుంచి ఒకమ్మాయి ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా, ఈ ఏడాదికి ఇక కుదరదని చెప్పింది. నేను పెట్టేయబోతుంటే నాన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"అమ్మా, మా పాప తప్పేం లేదండీ. అది ఆదివారమే పంపిస్తానందండీ. నేనే ఆగమన్నానండీ. దానికి మంచి జరగాలని ఆగమన్నానండీ."

లారీ ఓనర్ల మీద గొంతు పెంచే మనిషి. ఆ అమ్మాయికి తెలుగు రాదు. సారీ సర్, సారీ సర్ అంటోంది.

"ఒక్కసారి చూడండమ్మా. అక్కడైతే అన్నీ చదువుకుంటదండీ. కావాలంటే నేనొచ్చి మీ పెద్దవాళ్ళతో మాట్లాడతానండీ."

అటువైపు ఫోన్ పెట్టేసిన సంగతి నాకు తెలుస్తూనే ఉంది. నాన్న మాత్రం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, తప్పు నాదేనండీ అని చెబుతూనే ఉన్నాడు.