నేను తెప్పించిన మామూలు రాయి

గోరంత రాయితో రెండు దేశాల అధికారులకు ఒకేసారి తలనొప్పి తెప్పించిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, చూసుకోండి. అప్పట్లో నేను బ్రిస్బేన్ దగ్గర కొండ మీదున్న టూవూంబాలో చదువుకుంటున్నాను. జాతకమనో ముహూర్తమనో ఎవరైనా నోరు తెరిస్తే చాలు, కుక్కర్ విజిల్‌లా లేచేవాణ్ణి. హేతువాదం ఆరోగ్యానికి మంచిదే, ఆ మాట ఇప్పటికీ అంటాను. ఆ వయసులో నాకు మోతాదు ఎక్కువైంది, అంతే.

బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో నాన్నగారి స్నేహితుడు సూర్యం అంకుల్ ఉండేవారు. పగలంతా సాఫ్ట్‌వేర్, వేళ్ల నిండా రంగురాళ్ల ఉంగరాలు. ఆయన చెయ్యి ఊపితే ట్రాఫిక్ సిగ్నల్ మారినట్టుండేది. ఒక ఆదివారం వాళ్లింట్లో భోంచేస్తూ, వాళ్ల గోంగూర పచ్చడే కలుపుకుంటూ, ఆయన ఉంగరాల మీద పడ్డాను.

"అన్నీ ఉన్నాయి గానీ నీలం లేదేం అంకుల్?"

"నీలంతో ఆటలొద్దురా రవీ. అది శని రాయి, అందరికీ పడదు. ముందు దిండు కింద పెట్టుకుని పడుకోవాలి. చెడ్డ కలలు రాకపోతేనే వేలికి ఎక్కించాలి. పడలేదా, ఫినిష్!"

"అది అల్యూమినియం, ఆక్సిజన్. మీరు బార్బెక్యూలో చుట్టే ఫాయిల్‌కి దగ్గరి చుట్టం."

"అంత ధైర్యముంటే నువ్వే పెట్టుకో. దిండూ గిండూ లేకుండా, ఉగాది ఫంక్షన్‌లో, స్టేజి మీద! నీకేం కాకపోతే ఈ ఉంగరాలన్నీ తీసేస్తా. ఏదైనా అయిందా, మళ్లీ నా ముందు హేతువాదం అన్న మాట ఎత్తకూడదు."

"డీల్!" అన్నాను. పచ్చడి ఇంకాస్త వేయించుకున్నాను కూడా.

మా యూనివర్సిటీలో హెరీ అని మడగాస్కర్ నుంచి వచ్చిన స్నేహితుడు ఉండేవాడు. వాళ్లమ్మ అక్కడ లైసెన్సు తీసుకుని నీలాలు ఎగుమతి చేస్తుంది. హెరీని స్టాటిస్టిక్స్‌లో గట్టెక్కించానని ఆవిడకు నా మీద అభిమానం. అడగ్గానే చిన్న నీలం ఒకటి కానుకగా పంపుతానంది.

"కవర్లో వేసి పోస్టు చేసేయమను," అన్నాను.

హెరీ నన్ను ఎగాదిగా చూశాడు. "మా దేశంలో రాయి అలా గడప దాటదు. ప్రభుత్వ నిపుణుడు చూసి విలువ కట్టాలి. ఆ విలువ మీద పన్ను కట్టాలి. ఎగుమతికి అనుమతి రావాలి. ఆఖర్న అధికారుల ముందే పొట్లం కట్టి సీలు వేయించాలి."

"కానుకకి కూడానా?"

"అది కానుకో అమ్మకమో రాయికేం తెలుసు? అమ్మ ఒక్క ముద్ర తప్పించినా లైసెన్సు పోతుంది. నా చదువు నడిచేది ఆ లైసెన్సు మీదే."

నోరు వెళ్లబెట్టాను. నా వీసాకి కూడా ఇంత తతంగం జరగలేదు. ఆకాశంలో గ్రహాల దగ్గర ఏముందో తెలియదు గానీ, నేల మీద ఒక రాయికి ఇంత పలుకుబడి ఉందని అప్పుడే తెలిసింది.

అన్ని ముద్రలూ వేయించుకుని పొట్లం బ్రిస్బేన్‌లో దిగింది. సరుకేమిటో, విలువెంతో రాసి పంపమని కొరియర్ వాళ్లు మెయిల్ పెట్టారు. పాఠకులారా, ఇక్కడ ఆగి నన్ను ఒక్కసారి తిట్టుకోండి. బుద్ధున్నవాడైతే హెరీ వాళ్లమ్మ పత్రంలో ఉన్నదున్నట్టు దింపేస్తాడు. నేను వక్తను కదా! సరుకు: "మామూలు రాయి." విలువ: "ఏమీ లేదు, మనుషుల భ్రమ తప్ప." రాసి, చప్పట్లు మోగుతున్నట్టే కుర్చీలో వెనక్కి వాలాను.

చప్పట్లకు బదులు ఫోన్ మోగింది. కస్టమ్స్ వాళ్లు వచ్చి సంజాయిషీ ఇమ్మన్నారు. హెరీ కారు తీశాడు. టూవూంబా కొండ దిగి బ్రిస్బేన్ చేరాం.

తనిఖీ అధికారిణి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. "వాళ్ల నిపుణుడు మంచి నీలమని రాశాడు. మీరేమో విలువే లేదంటున్నారు. ఇందులో ఒకటి అబద్ధం. పంపినావిడ దొంగ పత్రాలు పుట్టించిందంటారా? అయితే ఆ దేశానికి రాస్తాం."

హెరీ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. "రవీ, నోరు విప్పు. మా అమ్మ లైసెన్సు!"

"అబద్ధం కాదు మేడమ్," అన్నాను. "అది నా తాత్విక అభిప్రాయం."

"ఈ గడిలో అభిప్రాయం అడగలేదు మేట్. అసలు ఎందుకు తెప్పించారు?"

"ఇది చెడు చేస్తుందని మావాళ్ల నమ్మకం. చెయ్యదని నిరూపించడానికి."

ఆవిడ కాగితాలను చూసింది, హెరీని చూసింది, నన్ను చూసింది. "ఎలా సాగుతోంది నిరూపణ?"

'ఇది విలువైన నీలం, నేను రాసింది తప్పు, పంపినావిడ పత్రాలన్నీ సత్యం' అని నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. అప్పటికి హెరీ బల్ల వదిలాడు. అధికారిణి సీలు విప్పి, రాయిని దీపం కింద పెట్టి, భూతద్దం నా వైపు జరిపింది. ఏం చెప్పమంటారు! లోపల సముద్రం ముద్ద కట్టినట్టుంది. ఆ నీలిమలో వెంట్రుక కంటే సన్నని గీతలు మెరుస్తున్నాయి. మనిషి పుట్టకముందే, ఏ శని ప్రమేయమూ లేకుండా, భూగర్భంలో ఒత్తిడీ వేడీ కలిసి చేసిన పని. భయాన్ని కొట్టబోయి ఇంత అద్భుతాన్ని "మామూలు" అన్నాను చూడండి, అక్కడ సిగ్గేసింది.

ఇంటికొచ్చి అంకుల్‌కి ఫోన్ చేశాను.

"వేలికి పెట్టుకోకముందే సంజాయిషీ రాయించిందా? ఓరి నాయనో, భలే పవర్!"

"దెబ్బ కొట్టింది నీలం కాదంకుల్, నా నోరు!"

"ఆ నోటితో ఆ మాట అనిపించిందెవరు మరి? దిండు కింద పెట్టుకునుంటే కస్టమ్స్ వాళ్లు ముందే కల్లోకి వచ్చేవారు కదరా!"

పందెం నేను ఓడినట్టే లెక్క కట్టేశారు. ఉగాది నాడు స్టేజి ఎక్కింది నేను కాదు, ఆయన. మొత్తం కథ చెప్పారు, అన్ని ఉంగరాలూ తళతళలాడిస్తూ.

అందుకే ఇదిగో, ఏ దేవుడి మీదా కాదు, మడగాస్కర్ సీలు మీద ఒట్టు: నమ్మకాలతో నా పోరు ఆగదు గానీ, కస్టమ్స్ పత్రంలో మాత్రం జన్మలో తత్వం రాయను. పునర్జన్మ మీద నాకు నమ్మకం లేదు కాబట్టి, ఆ పైన ఏం రాస్తానో అడగకండి.