పూడ్చిన మడుగు

రాయ్‌పూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజులవి. మా నాన్న శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి అక్కడే స్థిరపడ్డారు. నాకేమో చేపల పెంపకం ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆరంగ్ దారిలోని ఊళ్లకు వెళ్లి, చెరువుల్లో చేపలెలా పెంచాలో చెప్పడం నా పని.

అక్కడ ఒక చెరువును కేవట్ దంపతులు గుత్తకు తీసుకున్నారు. తాతల నాటి నుంచి చేపలు పట్టే కులం. ఆయనకు యాభై దాటాయి. పిల్లలు లేరు. నన్ను మేడమ్ అనడానికి నోరు తిరగక ‘నోనీ’ అనేవాడు. ఛత్తీస్‌గఢీలో అమ్మాయీ అని. ఆయన భార్య నా ముందు చద్దన్నం గిన్నె పెట్టాకే చెరువు మాట ఎత్తనిచ్చేది.

చెరువు మధ్యలో రెండు నిలువుల లోతు మడుగు ఉండేది. వల లాగినప్పుడల్లా చేపలు అందులోకి జారిపోయేవి.

“దాన్ని పూడ్చేయండి. అడుగు పళ్లెంలా ఉంటే ఒక్క చేపా తప్పించుకోదు” అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. “అది వాటి పుట్టిల్లు నోనీ. ఎండాకాలం అన్నీ అక్కడికే చేరతాయి.”

“ఇప్పుడు కాలవ ఉందిగా, నీళ్లెందుకు తగ్గుతాయి?”

సరేనని తలూపాడు. ఆ వేసవిలో మొగుడూ పెళ్లాం తట్టలతో మట్టి మోసి, నెల రోజులు పూడ్చారు.

మరుసటి ఏడు వల నిండింది. పక్క ఊళ్ల వాళ్లను తీసుకొచ్చి చూపించి మురిసిపోయాను.

ఆ పై ఏడు వానలు మధ్యలోనే ముఖం చాటేశాయి. కాలవకు నీళ్లు వదల్లేదు. వైశాఖానికి చెరువులో మోకాటి లోతు మిగిలింది. ఉన్నవి ఉన్నట్టు పట్టేయమని చెప్పాలనుకుంటూనే ఆఫీసు పనుల్లో పడి వెళ్లలేదు. చేపలు చచ్చి తేలుతున్నాయని కబురు అందాక పొద్దున్నే బస్సెక్కాను.

చెరువంతా తెల్లటి పొట్టలు. బతికున్నవి నీటి మీద నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఆయన నడుం వంచి, గుడ్లతో బరువెక్కిన బొచ్చె చేపను రెండు చేతులా పట్టుకుని, మొప్పల్లోకి నీళ్లు పోయేలా మెల్లగా ముందుకూ వెనక్కూ నడిపిస్తున్నాడు. అది ఎప్పుడో చచ్చిపోయింది. గట్టు మీంచి భార్య పిలుస్తున్నా వినిపించుకోవడం లేదు.

చీరతోనే బురదలోకి దిగాను. నన్ను చూసి, “వాన మోసం చేసింది నోనీ, నువ్వేం చేస్తావు?” అన్నాడు.

తప్పు నాదే అని చెప్పకుండానే ఒడ్డుకొచ్చాను. ఆఫీసుకు వెళ్లి కాగితం మీద నష్టానికి కారణం ‘వర్షాభావం’ అని రాశాను.

ఆ రోజు ఇంట్లో అన్నం ముట్టలేదు. “ఏటయిందే? తబియత్ బాగునేదా?” అంది అమ్మ. ఏడ్చాను గానీ చెప్పలేదు.

వానలు పడ్డాక ధైర్యం చేసి వెళ్తే గుడిసెకు తాళం. ఇటుక బట్టీల పనికి ఎక్కడికో దూరం పోయారన్నారు. మూడేళ్లకు ఆమె ఒక్కతే తిరిగొచ్చింది. బట్టీ దగ్గర జ్వరం తగిలి ఆయన పోయాడట.

వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను. “మడుగు పూడ్చమన్నది నేను. అది ఉంటే కొన్నైనా బతికేవి” అన్నాను.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు. “ఆయనకి తెలుసు. మట్టి పోస్తూనే, ఎండలొస్తే ఇవెక్కడికి పోతాయే అన్నాడు. మరెందుకు పూడుస్తున్నావంటే, చదువుకున్న పిల్ల, మన మంచికే చెప్పింది, కాదంటే చిన్నబోతుంది అన్నాడు.”

తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ చెరువు గట్టెక్కినా, లోతెక్కడుందని ఊళ్లో ముసలివాళ్లనే ముందు అడిగాను. లేనిచోట మడుగులు తవ్వించాను. కరువు ఏళ్లలో అవి చేపల్ని కాపాడాయి. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు ఒంటబట్టలేదు.

ఆమె మళ్లీ చెరువు తీసుకోలేదు. రాయ్‌పూర్‌లోని పండరీ బజారులో ఒక బట్టల కొట్టు ఊడ్చే పనికి కుదిరింది. అటు వెళ్లినప్పుడల్లా ఆగేదాన్ని. ఆమె నవ్వుతూనే పలకరించేది. నేనే ఆమె కళ్లలోకి చూడలేకపోయేదాన్ని.