పెళ్లికొడుకు కోళ్లగూట్లో ఉన్నాడు

ఆగస్టు రెండో వారం. మధ్యాహ్నం రెండున్నరకి ఆర్మీ ట్రక్కు నన్ను అరిజోనా ఎడారిలో దించింది. ఎనభైల మొదట్లో మాట. ఎండ నూట పదకొండు ఫారన్‌హీట్ డిగ్రీలు. ఒక రాడార్, నాలుగు రేకుల బరాకులు, చుట్టూ ముళ్లకంచె. దక్షిణాన పదిహేను మైళ్లలో మెక్సికో సరిహద్దు. నా సామాను ఒక కాన్వాస్ సంచి, రెండు జతల బూట్లు, రెండు నీళ్ల సీసాలు. స్టోర్స్‌లో పని, వారానికి మూడు రోజులు గేటు కాపలా.

ఇప్పుడు ఇక్కడ వర్జీనియాలో, మన షాంటిలీ చర్చిలో మీ పిల్లలు నన్ను అడుగుతుంటారు: "అంకుల్, ఎవర్నైనా షూట్ చేశారా?" లేదు. ఒక మనిషి మీద రిపోర్ట్ రాశాను.

ఆ మనిషి మా రేడియో ఆపరేటర్. టెక్సాస్‌లో పుట్టినవాడు, తాతలది మెక్సికో. అక్కడ నాతో మొదట మాట కలిపింది అతనే. గంటకోసారి గేటుకి రేడియో చేసేవాడు.

"గేటు, వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది."

"బతికే ఉన్నావా?"

"సగం."

అక్టోబర్‌లో ఒకరోజు ఉదయం తొమ్మిదికి సార్జెంట్ పిలిచి తలుపు వేశాడు.

"ఆ రేడియోవాడు ప్రతి ఆదివారం టౌన్‌కి పోతున్నాడు. నాలుగు వారాలుగా ఒకటే సినిమా. స్పానిష్‌ది. చీకట్లో కూర్చుని నోట్‌బుక్‌లో ఏదో రాస్తాడట. తర్వాత ఫోన్ బూత్‌లో నిలబడి అదంతా ఎవరికో చదువుతాడట. వాడి చేతిలో మన రహస్య సందేశాలుంటాయి. నువ్వు వాడి ఫ్రెండ్‌వి. వెంట వెళ్లు."

"నాకు స్పానిష్ రాదు, సార్జెంట్."

"విన్నది విన్నట్టు రాసుకురా." బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ అన్నాడు. "నీ సిటిజన్‌షిప్ కాగితాలు కెప్టెన్ టేబుల్ మీదే ఉన్నాయి కదూ?"

ఉన్నాయి. అంతకంటే అతను ఇంకేమీ అనక్కర్లేదు.

ఆ ఆదివారం ఒంటిగంట ఆట. నాలుగు వరుసలు వెనక కూర్చున్నాను. పోస్టర్ మీద నటుణ్ణి గుర్తుపట్టాను. క్యాంపులో వేసే కౌబాయ్ సినిమాల్లో ఎప్పుడూ గొంతులు కోసే విలన్. ఇక్కడ పెళ్లికొడుకు బట్టల్లో ఉన్నాడు, నెత్తిమీద కోడి. మామగారికి భయపడి పెళ్లిపీటల మీంచి పారిపోయి కోళ్లగూట్లో దూరతాడు. హాలంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతోంది. రేడియో ఆపరేటర్ మాత్రం నవ్వలేదు. చిన్న టార్చి వెలుగులో తల వంచుకుని రాస్తున్నాడు. అందరూ నవ్వుతుంటే నవ్వనివాణ్ణి చూసి నాకూ అనుమానం ముదిరింది.

మూడుంబావుకి ఫోన్ బూత్‌కి వెళ్లాడు. నేను మందుల షాపు గోడవార సోడా తాగుతున్నట్టు నిలబడ్డాను. నోట్‌బుక్ చూసి నిదానంగా చదివాడు. ఒక వాక్యం మూడుసార్లు చెప్పాడు. దాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను: ఎల్ నోవియో ఎస్తా ఎన్ లా గయినేరో.

సోమవారం సార్జెంట్‌కి చదివి వినిపించాను. అతను ఎవరికో ఫోన్ చేసి అర్థం కనుక్కున్నాడు.

"పెళ్లికొడుకు కోళ్లగూట్లో ఉన్నాడు." నా వైపు చూశాడు. "కోళ్లగూడంటే ఏంటి? మన రాడారా?"

"సినిమాలో నిజంగానే కోళ్లగూడు ఉంది, సార్జెంట్."

"అదే తెలివి. సినిమా చాటున కోడ్."

ఇంకొక్కసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది. రిపోర్ట్ రాసి సంతకం పెట్టాను.

బుధవారం పదకొండుకి బయటినుంచి ఇద్దరు ఆఫీసర్లొచ్చారు. నోట్‌బుక్ పట్టుకుపోయారు. రెండు రోజులు అతన్ని ప్రశ్నించారు. తేలిందేమిటంటే, టెక్సాస్‌లో అతని నాయనమ్మకి చూపు పోయింది. ఆ నటుడంటే ఆమెకి చూపున్న రోజులనుంచీ హడల్. ఆ విలన్ ఇప్పుడు జనాన్ని నవ్విస్తున్నాడని రేడియోలో విని నమ్మలేదు. "నువ్వు చూసి నాకు చెప్పరా" అంది. మనవడికి స్పానిష్ రాదు. స్కూల్లో ఆ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న తండ్రి, కొడుక్కి నేర్పలేదు. అందుకే విన్న ముక్కలు విన్నట్టు రాసుకుని ఫోన్‌లో చదివేవాడు. నాయనమ్మ వచ్చీరాని ఇంగ్లిష్‌లో అర్థం చెప్పి, నవ్వేది.

తప్పేమీ లేదని తేలినా రేడియో గది అతనికి తిరిగి ఇవ్వలేదు. నీళ్ల ట్రక్కుల మీద వేశారు. నోట్‌బుక్కూ ఇవ్వలేదు. ఆ వారమే టౌన్‌లో సినిమా మారిపోయింది.

ట్రక్కుల షెడ్డుకి వెళ్లాను. చక్రం బోల్టులు బిగిస్తున్నాడు.

"రిపోర్ట్ రాసింది నేనే."

"తెలుసు. నాకు చూపించారు." పాన పక్కన పెట్టాడు. "స్పానిష్‌లో కోళ్లగూడుకి ముందు 'ఎల్' అనాలట, నేను 'లా' అన్నాను. నువ్వూ 'లా' అనే రాశావు. బాగా విన్నావు."

"మీ నాయనమ్మ..."

"సినిమాలో ఆఖరికి పెళ్లి ఎలా జరిగిందని అడుగుతోంది. నోట్‌బుక్ లేకుండా చెప్పేంత స్పానిష్ నాకు రాదు." మళ్లీ పాన అందుకున్నాడు. "నన్ను అడిగితే చెప్పేవాణ్ణి కదా."

ఆ తర్వాత గేటు రేడియోలో వేరే గొంతు వినిపించేది. టైము అడిగేది, ఆగిపోయేది.

మరుసటి అక్టోబర్‌లో నా డ్యూటీ ముగిసింది. సిటిజన్‌షిప్ వచ్చింది. బస్సు ఏడింటికి. ఆరున్నరకి కాఫీ కోసం మెస్‌లోకి వెళ్లాను. అతను వంటవాడికి ఏదో కథ చెబుతున్నాడు. ఈ ఏడాదిలో నేర్చుకున్న స్పానిష్‌లోనే, తడుముకుంటూ. భుజాలు ఊగిపోయేలా నవ్వుతున్నాడు, కుడిచెయ్యి గాల్లో ఉంది. తల తిప్పి నన్ను చూశాడు. నవ్వు ఆగిపోయింది. చెయ్యి మెల్లగా కిందికి దిగి చెంచా అందుకుంది. వంటవాడితో, నాకు వినపడేలా, ఇంగ్లిష్‌లో అన్నాడు, "ఈరోజు గుడ్లు బాగున్నాయి."