మా మిద్దె మీద తాపీ

తాపీ మేస్త్రీలు నిదానంగా పనిచేస్తారు కాబట్టే ‘తాపీగా’ అనే మాట పుట్టిందని మా ఆయన ఇంటికి ఎవరొచ్చినా చెబుతాడు. వచ్చినవాళ్లు తలాడిస్తారు. నేను ఒప్పుకోను. మొన్న ఎండాకాలం మూడు రోజులు తాపీ పట్టినదాన్ని నేను. ఆయన కింద కూర్చుని చాయ్ తాగాడు.

పురానాపూల్ దగ్గర మాది పాత సున్నపు మిద్దె. వంటింట్లో కారుతోంది. పగలగొట్టి స్లాబు వేయిద్దామని ఆయన, వద్దని నేను. చివరికి ఒప్పందం కుదిరింది: బాగు చేయించాక ఒక్క వానాకాలం వంటింట్లో కారకపోతే మిద్దె ఉంటుంది, కారితే పోతుంది. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీని నేనే వెతికి తెచ్చాను. తాపీ కావాలన్నాడు. మా ఆయన నయాపూల్ వెళ్లి తళతళలాడే ఇనుప తాపీ తెచ్చాడు.

“ఇది గోడలకు సిమెంటు పూసి గిలాబ చేసేటిది, భాయ్. దీనితోని మిద్దె కొడతరా? కట్టెది గావాలె,” అని మేస్త్రీ నవ్వాడు.

కట్టె తాపీ నేను చూసింది మా గల్లీ చివర కుమ్మరామె చేతిలోనే. లోపల రాయి ఆనించి, పైనుంచి దానితో తట్టి కుండ కడుపు పెంచుతుంది. ఆమె కూడా దాన్ని తాపీ అనే అంటుంది. రెండు రోజులకు అరువిమ్మని ఆమెను అడిగాను.

“ఏంది, సున్నం కొట్టనీకా? గట్ల అడగకు వదినా. దీనికంటిన సున్నపు రవ్వ మట్టిలకు వోతే, కాల్చినంక కుండ పెచ్చులు లేస్తది. నీ మిద్దె నిలవాలంటే నా కుండలు పగలాల్నా?”

వాదించకుండా వెనక్కి వచ్చాను. ఇది అరుదు.

వడ్రంగితో రెండు చేయించాను. ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి, మేస్త్రీ, నేను ఎదురెదురుగా కూర్చుని కొట్టాం. ఆరకముందే కొట్టాలి, బిగిశాక కొడితే పగులుతుంది. నిదానమట, నిదానం!

“ఎప్పుడు ఆపాలె, చాచా?”

“చప్పుడు మారినప్పుడు, బిడ్డా.”

“మారితే ఎట్లుంటది?”

మేస్త్రీ కొట్టడం ఆపాడు. “కొట్టుడు ఆడోళ్ల పని ఉండె. అందరు వరుసల కూసునేటోళ్లు. మా అమ్మ ‘బస్’ అంటే ఆపేటోళ్లు. నేను సున్నం కలుపుడే నేర్చిన. చప్పుడు సంగతి ఆమెను అడగలే.”

వంటింటి మీద మేస్త్రీ చాలన్నప్పుడు ఆపాం. మెట్ల వైపు మూల మాత్రం, ఇంకొంచెం గట్టిపడాలని వాదించి, మర్నాడు కూడా కొట్టాను.

వాన పడింది. వంటింట్లో చుక్క లేదు. మెట్ల మూలలో వెంట్రుకంత పగులు, కింద గోడకు చెమ్మ. ఒప్పందం వంటింటి గురించేనని నేను.  మా ఆయన స్లాబు వేసేవాడి నంబరు రాసుకున్నాడు.

వచ్చే ఎండాకాలం ఆ మూల నేనే మళ్లీ కొట్టాలి. మేస్త్రీ తల్లి ‘బస్’ అనే ముందు ఏం వినేది? ఆ వరుసలో కూర్చున్నవాళ్లలో చెప్పగలిగేవాళ్లు ఒక్కరైనా ఇంకా ఈ ఊళ్లో ఉన్నారా?