బొగ్గు పోగొట్టుకున్న వేడి

హెస్ నియమం పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మొదలూ చివరా మారకపోతే, మధ్యలో ఏ దారిన పోయినా వేడిలో తేడా రాదట. రసాయనాల సంగతి నిజమే కావచ్చు. మా ఇంట్లో మాత్రం ఆ లెక్కే ఒక మనిషిని తీసుకెళ్లి జూటు మిల్లులో పడేసింది.

అరవైల చివరి మాట. విజయనగరానికి దగ్గర్లో, జూటు మిల్లు ఉన్న ఊరు మాది. నాన్న అందులో నార దువ్వే యంత్రం దగ్గర పని చేసేవాడు. ఆ దుమ్మంతా ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. నాలుగడుగులేస్తే ఆయాసం, మాట్లాడితే దగ్గు. ఇక పని మానుకోక తప్పదని తేలిపోయింది. ఆయన మానుకుంటే ఆ చోటు కొడుక్కిస్తామని మేస్త్రీ కబురు పెట్టాడు. నాన్న ససేమిరా అన్నాడు.

అన్నయ్యకి బీయస్సీలో కెమిస్ట్రీ ఒక్కటే మిగిలింది. అది పాసైతే మేం చదివిన మిషను హైస్కూల్లో సైన్సు మాస్టారిగా తీసుకుంటామన్నారు. తప్పితే మిల్లే గతి. పాత సిలబస్ వాళ్లకి అదే ఆఖరి పరీక్ష, మళ్లీ రాసే వీలు కూడా లేదు.

నేనప్పుడు పీయూసీ చదువుతున్నాను. చిక్కంతా ఒక్క గుర్తు దగ్గరొచ్చింది. అన్నయ్యకి పాఠం చెప్పిన ముసలి లెక్చరరు బయటికొచ్చిన వేడిని ప్లస్ అని రాయించేవాడు. మాకొచ్చిన కొత్తాయన అదే వేడిని మైనస్ అన్నాడు. ప్రశ్నపత్రాలు కూడా కొత్త పద్ధతికి మారిపోయాయి. ఆ మాట చెప్తే అన్నయ్య పొయ్యి వైపు చెయ్యి చూపించి నా మీద ఎగిరాడు.

“ఒసే గుంటా, బొగ్గు కాల్తే వేడి మనకొస్తాదా, పోతాదా? సెయ్యెట్టి సూడు! వచ్చినదాన్ని పట్టుకుని మైనస్ అంతావేటే?”

“మనకొస్తాది, సరే. బొగ్గుకి పోనాది కదా! లెక్క బొగ్గుది, మనది కాదు.”

“బొగ్గు బాధ నాకెందుకే!” అని నవ్వాడు. మంచం మీద నాన్న కూడా దగ్గుతూనే నవ్వాడు. అయినా అన్నయ్య కుదురుగా కూచుని కొత్త పద్ధతి నేర్చుకున్నాడు. సమీకరణాన్ని తిరగేస్తే గుర్తునీ తిరగెయ్యాలని నాకే ఒప్పజెప్పాడు.

పరీక్షలో సరిగ్గా అలాంటి లెక్కే వచ్చింది. బొగ్గు సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ అయితే ఎంత వేడి? నేరుగా కొలవలేం, కొంత బొగ్గు పూర్తిగా కాలిపోతుంది. అందుకని చుట్టూ తిరిగి రావాలి. ఒక మోలు బొగ్గు పూర్తిగా కాలితే తొంభై నాలుగు కిలోకేలరీలు బయటికొస్తాయి. ఒక మోలు మోనాక్సైడ్ కాలితే అరవై ఎనిమిది. రెండోదాన్ని తిరగేసి మొదటిదానికి కలిపితే మిగిలేది ఇరవై ఆరు, మైనస్ గుర్తుతో.

అన్నయ్య రైలు దిగి ఇంటికి రాగానే “ఎంతొచ్చింది?” అన్నాను.

“నూటరవై రెండు.”

ఎలా చేశాడో వరసగా చెప్పమన్నాను. మొదటి సమీకరణానికి అలవాటుకొద్దీ పాత పద్ధతిలో ప్లస్ తొంభై నాలుగు వేశాడు. తిరగేసినదాని దగ్గరికొచ్చేసరికి కొత్త పద్ధతి గుర్తొచ్చి ప్లస్ అరవై ఎనిమిది వేశాడు. రెండూ కూడేశాడు. మొత్తం పాత పద్ధతిలో చేసినా ఇరవై ఆరే వచ్చేది కదరా దేవుడా! ఆ పేపర్లో వేడి లెక్కలన్నీ అలాగే చేసొచ్చాడు. గుర్తు సంగతి చెప్పడం నా తప్పని నేను ఈనాటికీ ఒప్పుకోను. ఉన్నపళాన గుర్తు మార్చేసి, పాతవాళ్లకి ఒక్క ముక్కైనా చెప్పకుండా పరీక్ష పెట్టినవాళ్లని అనాలి.

ఫలితాల పేపర్లో అన్నయ్య నంబరు లేదు. అమ్మకి చదువు రాదు. అయినా నా చేతిలోంచి పేపరు లాక్కుని, గుమ్మంలో వెలుతురుకి పెట్టుకుని తనూ వెతికింది.

ఆ సోమవారం తెల్లారేసరికి మిల్లు కూత వినబడింది. కొడుకుని ఏనాడూ గేటు దాకా కూడా రానివ్వని నాన్న, వాణ్ణి అరుగు మీద కూచోబెట్టుకుని తన తడి తువ్వాలు ముఖానికి చుట్టడం మొదలెట్టాడు.

“ముక్కు మీద రెండు మడతలుండాల. ఆరిపోతే మళ్లీ తడుపుకో. లోపల నోరిప్పకురా నాయనా. ఎవులు పిలిసినా పలక్కు.”

ఆయన ముడి వెయ్యబోయాడు. అన్నయ్యే వెనక్కి చెయ్యి పెట్టి వేసుకున్నాడు.

“నాకు తెలుసులే నాన్నా. సిన్నప్పట్నుంచీ సూస్తన్నాను కదా.”

నాన్న గోడ వైపు తిరిగి బావురుమన్నాడు. ఏడుపు దగ్గులోకి మారి ఊపిరాడక ముందుకి వాలిపోయాడు. అన్నయ్య మెట్టు మీద ఆగిపోయాడు.

అమ్మ నాన్న వీపు రాస్తూ, తలెత్తకుండా అంది: “నువ్వెళ్లరా. ఆలిస్సెమైతే ఆ సోటు కూడా పోతాది.”