నీళ్ల మీద కూడా వీధి తప్పని ఓబులేసు

సర్కారు కాగితాల్లో ఓబులేసు ఇల్లు గొడ్లపాక. గవికొండపేట రిజర్వాయరులో మునగబోయే ముందు ఇండ్ల లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్లు, వాకిట్లో కట్టేసిన ఎనుమును చూశారు, లోపలున్న మనుషులను చూడలేదు. అట్లాగే రాసుకుని పోయారు. ఓబులేసు తగాదా పెట్టుకోలేదు. "ఎనుముకన్నా ఇల్లుందని రాసినారు, సంతోషం" అని భార్య నాగేశ్వరమ్మను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డలో బాడిగింట్లో చేరాడు. సొంత ఇంటి సంగతిలో ఇంత మెత్తని మనిషి, పరాయివాళ్ల ఇంటి మీదుగా పడవ పోనివ్వమంటే మాత్రం కయ్యానికి వస్తాడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే: నీళ్ల మీద కూడా వీధుల్లోనే పోతాడు.

గవికొండపేట నల్లమల అంచున, కొండవాలు మీద మెట్లుమెట్లుగా కట్టిన ఊరు. నీళ్లు నిలిచి ఆరేళ్లయింది. పై వీధుల మొండిగోడలు, బేతంచెర్ల బండలు పరిచిన అరుగులు ఇప్పటికీ నీళ్లలోంచి తలలెత్తి చూస్తుంటాయి. కింది వీధులు పూర్తిగా మునిగాయి. మూతబడ్డ బోటింగు క్లబ్బు ఒకటి సామాన్లు అమ్ముతుంటే, ఓబులేసు ఇద్దరు కూర్చునే కయాక్ కొనుక్కొచ్చాడు. ఎర్రటి ప్లాస్టిక్ పడవ, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు. "ఏందయ్యా ఇది, పండుమిరపకాయ మాదిరుండాది" అంది నాగేశ్వరమ్మ. ఆ రోజు నుంచి దాని పేరు మిరపకాయ.

రోజూ మొదటి బస్సుకు పోయి మిరపకాయ ఎక్కడం, తిరిగొచ్చి శిల్పాల షెడ్డులో దేవుళ్లను చెక్కడం, ఇదీ ఓబులేసు దినచర్య. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తిన్నగా పోతే పావుగంట. ఓబులేసుకు గంటన్నర. బజారు వీధి ఎక్కాలి, రేషన్ షాపు మూల తిరగాలి, పోస్టాఫీసు మెట్లు దిగాలి. నిజంగానే దిగుతాడు, అక్కడికి రాగానే పడవ వేగం తగ్గిస్తాడు. మూల తిరిగిన ప్రతిసారీ గొంతు సవరిస్తాడు, ఎదురొచ్చేవాళ్లకు తెలియాలి కదా. గానుగ సందు ఇరుకు. అక్కడ తెడ్డు లోపల పెట్టి చేతులతో నీళ్లు తోసుకుంటూ పోతాడు. బుధవారం నాడు బజారు వీధి ఛాయలకు పోడు. సంత రోజు, మనుషులు తొక్కుకుంటారట.

చేపలు పట్టే యేసుదాసు ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"పెద్దనాయనా, అడ్డంబడి పోతే అయిపాయె గదా?"

"నువ్వు అన్నం తింటాంటే నీ కంచం దాటుకొని పోతా. ఊరుకుంటావా?"

"ఈడ ఎవురు తింటాండారు?"

"ఇది నాగరత్నమ్మ ఇల్లు."

"ఆయమ్మ నంద్యాలలో కూతురి కాడుండాది గదా!"

"ఈ పొద్దు వచ్చింటే?"

యేసుదాసు వల తీసుకుని వేరే వీధికి పోయాడు.

నంద్యాల నుంచి సర్వేయరు వినీత వచ్చింది ఈ మనిషి కోసం కాదు. అవతలి గట్టున టార్పాలిన్ల కింద ఉంటున్న పద్నాలుగు చెంచు కుటుంబాల కోసం. కాగితాల్లో గోడలున్నవాళ్లందరికీ కొత్త కాలనీలో ఇంటి స్థలాలు వచ్చాయి. ఊరి చివర చెంచులవి వెదురు తడికలు, బోదగడ్డి కప్పులు. మొదటి వానాకాలానికే కొట్టుకుపోయాయి. "అక్కడ ఇండ్లున్నట్టు ఏ ఆనవాలూ లేదు" అని ఆరేళ్లుగా వాళ్ల అర్జీలు వెనక్కి వస్తున్నాయి. శుక్రవారంతో జాబితా మూసేస్తారు. ఆ తర్వాత అర్జీలు తీసుకోరు. వినీత వచ్చింది బుధవారం.

"చూసిరా అమ్మా. నీళ్లు తప్ప ఏముంటాయి అక్కడ? ఆనవాళ్లు లేవని రెండు ముక్కలు రాసెయ్యి" అని పెద్ద సారు ముందే చెప్పి పంపాడు. చెంచులు చూపించే చోట్లు రాసుకోకూడదు. స్థలం అడిగేవాడే సాక్ష్యం చెబితే చెల్లదట.

ఆ పూట గట్టున ఉన్న పడవ ఒక్కటే, మిరపకాయ. లైఫ్ జాకెట్ వేసుకుని వినీత ముందు సీట్లో కూర్చుంది.

"తిన్నగా అవతలికి పోనీ పెద్దాయనా. నాకు టైం లేదు."

"పోదాం పాపా" అన్నాడు ఓబులేసు, ఎడమకు తిప్పుతూ.

"అటెందుకు?"

"ఈ పొద్దు సంత గదా. వెనకసందున పోతే బేగా పోతాం."

వినీత వెనక్కి తిరిగి చూసింది. ఆయన ముఖంలో నవ్వు లేదు. ఆ మాట నిజంగానే అంటున్నాడు.

కొంత దూరం పోయాక ఓబులేసు కళ్లు మూసుకున్నాడు. "పాపా, ఈడ ఆడోళ్లు నీళ్లు పోసుకునే తడికుండాది."

"నేనూ ఆడదాన్నే కదా."

"అయితే నువ్వు చూస్కో. నేను చూడను."

పడవ పోయి మొండిగోడకు గుద్దుకుంది. వినీత ఫోను నీళ్లలో పడబోయి ఒళ్లో పడింది. "మెల్లిగా పోనీయప్పా!" అని అరిచింది, ఓబులేసు మాత్రం గుద్దినందుకు గోడకు దండం పెట్టుకున్నాడు.

చివరి గోడ దాటారు. ఇక ముందంతా ఉత్త నీళ్లు. ఇప్పుడన్నా తిన్నగా పోతాడనుకుంది వినీత. ఓబులేసు పదకొండు తెడ్లు వేసి కుడికి తిరిగాడు, గొంతు సవరించాడు. ఆరు తెడ్లు వేసి ఆగాడు. "భీమన్న ఇల్లు." నాలుగు వేసి ఎడమకు. "ఇది సోది చెప్పే ముసిలామెది."

"పెద్దాయనా, ఇక్కడ ఏమీ లేదు."

"నీకు లేదు."

వినీతకు ఒళ్లు మండింది. ఎండలో గంటకు పైగా పోయింది, చేతిలో ఉన్నది ఒక పిచ్చాయన మాట. ఉద్యోగం తనది. అబద్ధం రాస్తే పోయేదీ తనదే. ఫోనులో దారి గీత గీసే మీట నొక్కింది. "మళ్లీ మొదటి నుంచి పోనీ."

ఓబులేసు విసుక్కోలేదు. వెనక్కి పోయి, చివరి గోడ దగ్గర నుంచి మళ్లీ వచ్చాడు. పదకొండు, ఆరు, నాలుగు. ఇంకోసారి పొమ్మంది. మళ్లీ వచ్చాడు. ఫోనులో రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, దారం మీద దారం వేసినట్టు.

వినీత ఆ గీతల మీంచి తల ఎత్తింది. "రోజూ ఇంత దూరం తిరిగేది ఇందుకా?"

"గోడలుండేటోళ్ల ఇండ్లు గోడలే చెప్పుకుంటాయి పాపా. గోడల్లేనోళ్లవి ఎవురో ఒకరు మర్చిపోకుండా ఉండాల గదా. నేను చదువుకోలేదు. రాసి పెట్టుకోను చాతగాదు. దినామూ పోతాంటే చేతులకు గుర్తుంటాది."

"మరి పై వీధులన్నీ ఎందుకు తిరుగుతావు?"

"మొదలు తప్పితే తెడ్ల లెక్క తప్పదా?" అని, ఇంకో తెడ్డు వేసి, "అయినా నాగరత్నమ్మ మంచిది" అన్నాడు.

"గీత సరిపోదు పెద్దాయనా. చేతికి తగిలేది ఏదన్నా కావాలి."

ఓబులేసు పడవ దిగాడు. మే నెల, నీళ్లు ఎద లోతుకు దిగాయి. కాళ్లతో తడిమి, ఒక్క మునక వేసి, పైకి లేచి నవ్వాడు. "దిగు. తడిమి చూడు."

వినీత దిగింది. చెప్పులు లేని పాదానికి రాయి తగిలింది. గుండ్రటి రాయి, నడుమ నున్నటి గుంట. రోలు. దాని పక్కనే మూడు పొయ్యి రాళ్లు.

విగ్రహాలు చెక్కగా మిగిలిన రాతితో, పద్నాలుగు గుడిసెలకూ ఓబులేసే రోళ్లు కొట్టిచ్చాడు. భూమిలో సగం పాతినవి, వరద కదిలించలేదు. "వీళ్ల రోళ్లూ గుళ్లో సామీ ఒకే బండలో పుట్టినారు పాపా" అన్నాడు. ఒక్కో రోలు దగ్గరా వినీత గుర్తు పెట్టుకుంటూ పోయింది. ఎనిమిది దొరికాయి. తొమ్మిదోది లేదు.

ఓబులేసు మునిగాడు, లేచాడు, మళ్లీ మునిగాడు. "వెన్నెల ఇల్లు ఈడనే! నా చేత్తో నేనే పాతినా!"

గట్టు మీద చెంచులంతా చేరారు. భీమన్న నోటికి చేతులడ్డం పెట్టి అరిచాడు. "ఓబులేసన్నా! ఆడ యాడిదన్నా రోలు? అది కుక్క పండుకునే తావు!"

అప్పుడు వెన్నెల ముందుకొచ్చింది. "అన్నా, అత్తతో పడక రోలు పెరికి దొర్లించుకొని పోతి గదన్నా! అల్ల ఆపక్కకు ఎనిమిదడుగులు!"

చెంచుగూడెంలో వేరు కాపురమంటే అంతే. రోలు ఎక్కడ దొర్లితే ఇల్లు అక్కడ. ఓబులేసు ఎనిమిది అడుగులు వేశాడు. కాలికి రోలు తగిలింది. ఆయన ముఖం మాత్రం నల్లబడింది.

"అంటే... నేను మలుపు తిరిగేది ఈడనే గదా. ఆరేండ్లుగా నీ ఇంటి మీంద తిరగతాండానా తల్లీ?"

"పైన కప్పు లేదులే అన్నా, ఏం గాదు!" అంది వెన్నెల. గట్టంతా నవ్వింది. ఆమె అత్త ఒక్కతే నవ్వలేదు.

సాయంత్రానికి పద్నాలుగూ దొరికాయి. మర్నాడు పెద్ద సారు కాగితం చూసి పెదవి విరిచాడు. "రోళ్లుంటే ఇండ్లున్నట్టా?"

"అడవిలో ఊరికే పద్నాలుగు రోళ్లు, పద్నాలుగు పొయ్యిలు ఎవరు పెట్టుకుంటారు సార్? లేవని మీరు రాసివ్వండి, నేను సంతకం పెట్టను."

ఆయన కాగితం దగ్గరికి లాక్కుని, పెన్ను తీశాడు. శుక్రవారం జాబితాలో పద్నాలుగు పేర్లూ వచ్చాయి. స్థలాల చీటీల్లో వెన్నెలకు అత్త పక్క స్థలమే వచ్చింది. దానికి ఏ ఆఫీసూ ఏమీ చేయలేదు.

ఓబులేసు ఇప్పటికీ పోతున్నాడు. తొమ్మిదో ఇంటి దగ్గర రెండు తెడ్లు ఎక్కువ వేసి, చుట్టూ తిరిగి పోతున్నాడు.

ప్రతి ముంపు ఊరిలోనూ గోడల్లేని ఇండ్లుంటాయి. ఓబులేసులు ఉండరు. కాబట్టి ఇది చదివినవాళ్లను అడిగేది ఒక్కటే. మీ ఊరి గ్రామసభలో జాబితా చదివేటప్పుడు, మీ పేరు వినబడగానే లేచి ఇంటికి పోవద్దు. ఆఖరి పేరు దాకా కూర్చోండి. ఎవరి పేరు రాలేదో, లేచి గట్టిగా చెప్పండి.